రెండో మడత

లూల్వా పుస్తకం చివర నుంచి మొదలవుతాది.
మనకు ఆఖరి అట్ట అయ్యేది వాళ్లకు మొదటిది.
జహ్రాలో నాకిది మూడో యేడు,
ఇప్పటికీ తిరగేసి పట్టుకుంటా, అది నవ్వుతాది.

ఆరేళ్ల పిల్లకు ఇంత బరువు పుస్తకం ఎవరు కొనిచ్చినారో.
నిండా మిషన్లు.
సంతలో పుచ్చకాయ కోసి పెట్టినట్టు
ఒక్కోదాన్ని నిలువునా కోసి పెట్టినారు:
ఫ్రిజ్జు, లిఫ్టు, విమానం పొట్ట,
ఎర్ర బాణాలు వేడికి, నీలివి చలవకి.
అరబ్బీ అక్షరం ఒక్కటీ రాదు నాకు.
బాణాలు మాత్రం ఏ భాషలోనైనా బాణాలే.

వాషింగ్ మిషను పేజీ దగ్గర నేనే పంతులమ్మను.
అడుగున ఒక చిన్న గుండ్రటి మూత గీసి వదిలేసినారు.
దాని వెనక ఏముంటాదో ఆ గీసినాయనకు తెలీదు,
వాళ్లింట్లో ఇంకెవరో తీసి కడుగుతుంటారు.
నాకు తెలుసు:
యాభై ఫిల్సుల బిళ్ల, మేడమ్ అబాయా పూస,
ఈ రంజాన్లో ఊడిన లూల్వా పాలపన్ను.
ఆ పన్ను దొరికిన కథ రోజూ ఒకసారి చెప్పాల.
చేతులతో చెబుతా,
నాకు కావలసినంత అరబ్బీ చేతుల్లోనే ఉంది.

నిన్న రాత్రి మడతల పేజీ వచ్చింది.
పైన ఇనుప గోపురం, టోపీలు పెట్టుకున్న గోరంత మనుషులు.
ఒక మడత విప్పితే ఇసుక.
ఇంకోటి విప్పితే పసుపు రాయి.
మంచం దాటి నేల మీదికి జారింది కాగితం,
మూడు, నాలుగు,
నాలుగో దాని అడుగున నల్లగా నిగనిగలాడుతూ నూనె.
లూల్వా మోకాళ్ల మీద కూర్చొని
గొట్టం వెంట వేలు పోనిచ్చింది.

నేను ఆ బొమ్మ ముందే చూసినా.
లక్కిరెడ్డిపల్లె పక్కన, మా రెండెకరాల చేనిలో,
తిరుచెంగోడు బండి అర్ధరాత్రి వచ్చి కాళ్లు దించినప్పుడు.
రెడ్డెప్ప మామ అరచేతిలో టెంకాయ
ఎక్కడ నిటారుగా లేచిందో అక్కడే వేసినాం.
కర్పూరం వెలిగించినాం.
బండోళ్లు అడుగులు లెక్కపెడుతుంటే
మా ఆయన అడుగుకింత అని డబ్బు లెక్కపెడుతున్నాడు.
తెల్లారేసరికి అందరం పిండిమరలో నుంచి వచ్చినోళ్ల మాదిరి.
ఆరు వందల ఇరవై అడుగులు. అది మూడో బోరు.

మా ఊర్లోనూ ఇట్లాంటిదే, అని
గొట్టం మీద వేలు పెట్టి చూపించినా.
"మీకూ నూనె వచ్చిందా?" కళ్లు పెద్దవి చేసింది.
నూనె కాదు, మాయ్. నీళ్ల కోసం.
"వచ్చినాయా?"

ఈ దేశంలో దిగిన మొదటి వారం
కిటికీలు తుడుస్తూ నేర్చుకున్న మాట ఒకటుంది.
ఎర్రగాలి లేచిన పొద్దు
మేడమ్ అద్దం మీద వేలితో గీత గీసి, ఆ వేలు చూపించి నేర్పింది.
అదే చెప్పినా.
మాయ్ మాకో. గుబార్.
నీళ్లు లేవు. దుమ్ము.

లూల్వా నన్ను చూడలేదు, బొమ్మనే చూసింది.
జానెడైనా కాని తన జానతో
కింది నుంచి పైకి గొట్టాన్ని కొలిచింది.
బండి ఎందుకు ఆగిపోయిందో తేల్చిన మెకానిక్ మాదిరి చెప్పింది:
"మీరు రెండో మడత దగ్గరే ఆపేసినారు, ఒబూ.
ఇంకా రెండున్నాయి కదా."

మడతకు ఎంతవుతాదో దానికెట్ల చెప్పేది.
విప్పిన రెండు మడతల అప్పుకే కదా
ఓబులమ్మ ఇక్కడికొచ్చి ఒబూ అయింది.
నవ్వొచ్చింది. నిజంగానే నవ్వినా.
అదీ నవ్వింది, ఎందుకో తెలీకుండానే, పన్ను లేని సందుతో.

అది నిద్రపోయినాక కాగితం ఎత్తి మడిచినా.
నాలుగోది. మూడోది.
రెండోది మడిచే ముందు కాసేపు పట్టుకున్నా.
ఒక మూల చిరిగింది, రేపు గంజితో అతికించాల.

కింద మిషను వేసి వచ్చినా,
నీళ్లు నిండే చప్పుడు మెట్ల మీదికి వినపడతాంది.
సముద్రంలో ఉప్పు విడదీసి పంపిస్తారంట ఇన్ని నీళ్లు.
అదెట్ల చేస్తారో తర్వాతి పేజీలోనే ఉన్నట్టుంది,
మడతల సందులో నీలి బాణాలు కొన్ని కనిపించినాయి.
తిప్పలేదు.
లూల్వా లేకుండా నేను, నేను లేకుండా లూల్వా
పేజీ తిప్పకూడదని మా ఒప్పందం.