వీపు మీది రాతలు

చివరి గంట మోగింది.
మోగించింది ఒకటో తరగతి పిల్ల,
తొర్నికే భుజమ్మీద కూర్చుని,
రెండు చేతులా ఇత్తడి గంట పట్టుకుని,
చాలమ్మా చాలని ప్రిన్సిపాలు అరుస్తున్నా ఆపకుండా.

తొర్నికే మాత్రం ఆపమనలేదు.
వాడెప్పుడూ ఎవర్నీ ఏదీ ఆపమనలేదు.
కుస్తీలో మూడు కప్పులు గెలిచి
ఓడినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి భోంచేసి వచ్చిన మనిషి.
చెవులు రెండూ నలిపి పారేసిన కాగితాలు.
నా తెల్ల చొక్కా కుడి భుజం మీద
ఇంతింత అక్షరాలతో రాశాడు: తిన్నావా?

మేం తొమ్మిది మందిమి.
గనులు నిండుగా ఉన్న రోజుల్లో
నలభై మంది కూర్చున్న గది అది.
అంత ఖాళీలోనూ
కిటికీ పక్క బెంచీ కోసమే పన్నెండేళ్ళు కొట్టుకున్నాం.

గ్వాంత్సా దగ్గరొక అప్పుల పుస్తకం ఉండేది.
జున్ను రొట్టెకి ఎవరు ఎన్ని తెత్రీలు బాకీయో
తేదీతో సహా, ఎర్ర సిరాతో.
నిన్న అందరి ముందూ చింపేసింది,
ఉచా పేజీ తప్ప.
దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంది.
నూట నలభై తెత్రీలు.
వడ్డీ సంగతి మేం అడగలేదు.

ఉచాకి తన పేరు చెప్పడానికే ఒక నిమిషం కావాలి.
కానీ ఆ జనవరిలో
కేబుల్ కారు నది మీద ఆగిపోయినప్పుడు,
గాలికి డబ్బా ఊగుతుంటే చిన్నపిల్లలు ఏడుపందుకున్నప్పుడు,
కింద పోతున్న ఖనిజం పెట్టెల్ని పైకి లెక్కపెట్టాడు.
ఒకటి, రెండు, మూడు...
రెండు వందల పదకొండు దాకా.
లెక్కలో వాడికి నత్తి రాదని
ఆ రోజే తెలిసింది మాకు.

మాక్వాలా ఈ రోజు కూడా ఆలస్యమే.
పైన పీఠభూమి మీద వాళ్ళ ఇల్లు.
పన్నెండేళ్ళలో ఒక్క సాకునీ రెండోసారి వాడలేదు, అదీ దాని నిజాయితీ.
దూడ నా సాక్సు మింగింది.
మంచులో మా గేటు కనపడలేదు.
నాన్నమ్మ పళ్ళసెట్టు తేనె జాడీలో పడింది.
ఇవాళ వచ్చి, ఊపిరి పీల్చుకుని,
"ఏమీ కాలేదు. నెమ్మదిగా నడిచాను" అంది.
ఎవరం నవ్వలేదు.

ఏడో తరగతిలో అఖల్కలాకి నుంచి వచ్చింది హాస్మిక్,
ఆర్మేనియన్ పిల్ల, మా భాష అంతంతమాత్రం.
బాచో నేర్పిన మొదటి వాక్యాన్ని
నమస్కారమనుకుని ప్రిన్సిపాలుకి అప్పజెప్పింది.
ఆ మాట ఇక్కడ రాయలేను.
ఇప్పుడు మా అందరి వ్యాకరణమూ అదే దిద్దుతుంది.
నా చొక్కా చేతి మీద తొర్నికే రాసిన దాంట్లో కూడా
ఒక కామా పెట్టిపోయింది.

బాచో ఎవరి గొంతునైనా దించేస్తాడు.
మేష్టార్లు, పాత బస్సు, తుప్పు పట్టిన కేబుల్ తాడు.
వాళ్ళ నాన్న పోయినప్పుడు మాత్రం
నలభై రోజులు సొంత గొంతు కూడా వినిపించలేదు.
నలభై ఒకటో రోజు, క్లాసు మధ్యలో,
కెమిస్ట్రీ మేడమ్ తుమ్ము తుమ్మాడు.
ముందుగా ఏడ్చింది మేడమే.

దారీనా, దియానా కవలలు.
ఒకదాని గురించి రాస్తే రెండోది అలుగుతుంది.
అంచేత రాయను.

తొమ్మిదో మనిషిని నేను.
నా గురించి నా వీపు మీద ఉంది.
ఒక్కొక్కరే వెనక్కొచ్చి,
కదలకు, కదలకు అంటూ,
చక్కిలిగింతల్లాంటి పెన్నులతో
చాలాసేపు రాశారు.
నుదుటి రాత ఎవరిది వాళ్ళు చదువుకోలేరంటారు.
ఇవాళ నా వీపూ అంతే.

ఇంటికి కేబుల్ కార్లో పోతున్నాను.
తలుపు వేయబోతూ జుజునా అత్త
కళ్ళద్దాలు సర్దుకుని నా వీపు చదివింది.
పకపకా నవ్వింది.
ఇంకాస్త కిందికి వంగింది.
నవ్వు ఆపింది.
"ఏముందత్తా?"
"ఇంటికెళ్ళి విప్పుకుని చదువుకో" అని
మీట నొక్కింది.

కింద క్విరీలా నది, నల్లగా.
పక్కన సీటంతా ఖాళీ.
అయినా నేను వెనక్కి ఆనుకోలేదు,
సిరా ఇంకా ఆరలేదేమోనని.