గుమాస్తా చేతిరాత

ఒనెజీమ్ బుషార్,
నీ గెలుపోటములన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి.
ఈ టౌన్ ఆఫీసులో ఒకటే బల్ల, ఒకటే సిరాబుడ్డి.
పెళ్లి లైసెన్సులు, వేట పర్మిట్లు,
చావుపుట్టుకలు, ఓట్లు:
ఏ పుస్తకం తెరిచినా అదే వంకర అక్షరం.

డెబ్బై ఎనిమిది, నవంబరు.
కాగితం మిల్లులో షిఫ్టు దిగి
ఒంటినిండా గంధకం వాసనతో
తిన్నగా బూత్‌కే వచ్చారు నీవాళ్లు.
బ్యాలట్లు చేత్తో లెక్కపెట్టే రోజులు.
నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత.
రాత్రి ఒంటిగంటకి తేలింది,
రెండు వందల పన్నెండు మెజారిటీ.
బ్యాంకు లాయరు ప్రెస్కాట్ హేల్
నీకు చెయ్యి కలిపి, వెనక్కి తిరిగి
రుమాలుతో తుడుచుకున్నాడు.
అది రాసుకోవడానికి రిజిస్టర్లో గడి లేదు.

అగస్టాలో నీ మొదటి ప్రసంగానికి
బస్సు కట్టించుకుని వచ్చాం.
సభాపతి నీ పేరు మింగలేక, కక్కలేక
మూడు ముక్కలు చేశాడు.
నీ ఇంగ్లీషులో మన వంటింటి ఫ్రెంచి
అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది.
"మా మిల్లులో యంత్రాల పక్కన నిలబడి
చెవులు పోగొట్టుకున్నవాళ్లు నూట నలభై మంది.
వాళ్లు పైన గ్యాలరీలో కూర్చున్నారు.
అందుకే అరుస్తున్నాను, క్షమించండి" అన్నావు.
నవ్వినవాళ్లు ఆగిపోయారు.
బిల్లు పాసవడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

ఎనభైలో నీ మీద పోటీకి ఎవరూ లేరు.
ఎనభై రెండు: నూట ముప్పై ఒకటి.
ఎనభై నాలుగు: యాభై ఎనిమిది.
తగ్గుతోందని నాకు తెలుసు.
నీకూ తెలుసు, అడగలేదు.

తరవాత ఆ పన్ను మాఫీ.
"మాఫీ ఇస్తే మిల్లు ఉంటుంది"
చర్చి మెట్ల మీద, మంచులో, టోపీ తీసి మరీ చెప్పావు.
అగస్టాలో చెయ్యెత్తావు.
మిల్లు ఉంది.
పదకొండు నెలలు ఉంది.
వసంతం బురదలో లారీలు కూరుకుపోతుంటే
తోసిందీ మనవాళ్లే,
తమ యంత్రాలని తామే
రోజు కూలికి సాగనంపారు.

ఎనభై ఆరు.
పదకొండు ఓట్ల తేడాతో పోయావు.
రీకౌంటింగుకి అగస్టా నుంచి ఇద్దరొచ్చి
నా బల్ల మీద, నా దీపం కింద
నన్నే దొంగలా చూశారు.
పెట్టె మూలలో మడతపడ్డ ఓటొకటి దొరికింది.
పదకొండు పదయింది.
ఆ పదీ పదిగానే ఉండిపోయింది.

ఆ ఏడు జూన్ నించి అక్టోబరు దాకా
మిల్లు పింఛనుదార్ల మరణపత్రాలు పద్నాలుగు రాశాను.
ఎవరు ఎటు వేసేవారో
వేళ్ల మీద లెక్క కట్టి చూశాను ఒక రాత్రి.
కలవలేదు.
చచ్చినవాళ్లకి కూడా
రహస్య బ్యాలట్ హక్కు ఉంటుంది కాబోలు.

ఇక నాది చెబుతాను.
నాలుగుసార్లు నీకే వేశాను.
అయిదోసారి పెన్సిలు అందుకున్నాను.
మిల్లు లాకరు ఖాళీ చేసి
అట్టపెట్టెతో ఇంటికొచ్చిన మా తమ్ముడు
వాకిట్లో అలాగే నిలబడటం గుర్తొచ్చింది.
పెన్సిలు కింద పెట్టేశాను.
'ఖాళీ బ్యాలట్లు: ఆరు' అని
ఆ రాత్రి నేనే రాశాను కదా,
అందులో ఒకటి ఎవరిదో నాకు తెలుసు.

ఎనభై ఎనిమిదిలో మళ్లీ నిలబడ్డావు.
ఆ అంకె చదవమని అడక్కు.

ఇవాళ పొద్దున వచ్చావు, కుక్క లైసెన్సుకి.
బూట్ల మంచు గుమ్మంలోనే దులిపి
లైన్లో నిలబడ్డావు, ముందు ఎవరూ లేకపోయినా.
యజమాని పేరు? అడగాలి కాబట్టి అడిగాను.
అక్షరం అక్షరం విడదీసి చెప్పావు,
నీ పేరు నేను పదేళ్లు రాయనట్టు.
కుక్క పేరు?
"కోరం."
తలెత్తాను.
"యూలాలీ పోయాక ఇంట్లో ఒక్కణ్నే.
ఇప్పుడు ఇద్దరం,
సభ నడపొచ్చు" అన్నావు.

ఆ కాగితంలో వృత్తి అనే గడి లేదు.
రుసుము మూడు డాలర్లు.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను,
రెండుసార్లు.