నీటివాలు

ఔలు నగరంలో జనవరి. మూడింటికే చీకటి.
ప్రసూతి వార్డు నుంచి మంచుపెట్టెలో
ఒక బొడ్డుతాడు వచ్చింది.
తల్లి పేరు మాకు చెప్పరు.
ఆడపిల్లట, గట్టిగా ఏడ్చిందట.
అంతవరకే.

తాడులోని నాళాన్ని కడిగి
లోపొర కణాలను గాజుపలక మీద చల్లాను.
కదలని నీళ్ళలో మూడు రోజులు
గులకరాళ్ళు పరిచినట్టు
ఒకదాన్నొకటి ఆనుకుని ఊరికే కూర్చున్నాయి.

నిన్న పొద్దున పంపు తిప్పాను.
గులాబీరంగు ద్రవం వాటి వీపుల మీదుగా
పారడం మొదలైంది.
కళ్ళు లేవు, చెవులు లేవు వాటికి.
ఒంటి మీద చక్కెర నూగు మాత్రం ఉంది.
నీరు రాసుకుపోతే నూగు వంగుతుంది,
పొర సాగుతుంది,
సాగినచోట తలుపొకటి ఓరగా తెరుచుకుని
చిటికెడు కాల్షియం లోపలికి జారుతుంది.
కబురు అందినట్టే.

ఇవాళ పొద్దున చూద్దును కదా,
అన్నీ సన్నబడి, పొడుగు సాగి,
వాలు వెంబడి ఒకే తీరున పడుకున్నాయి.
ఎవరూ చెప్పలేదు.

మా తాత తాయిస్తో
ఆనకట్టలు రాకముందు ఇదే నదిలో దుంగలు తోలేవాడు.
పారే నీళ్ళలో దుంగకు బుద్ధి చెప్పక్కర్లేదనేవాడు,
అదే తిన్నగా పోతుంది.
నది రెండుగా చీలేచోటే కాచుకోవాలి:
నీరు తనలో తాను తిరుగుతుంది,
దుంగ అడ్డం పడుతుంది,
దాని మీద ఇంకొకటి ఎక్కుతుంది.
తెల్లవార్లూ కొక్కెం పట్టుకుని అక్కడే నిలబడేవాడు.

ఆయన పోయింది మెడలో
రక్తనాళం చీలేచోట కొవ్వు పేరుకుని.
అక్కడ కొక్కెం పట్టుకుని ఎవరూ లేరు.

రెండో పలకలో కాలువను చీల్చి చెక్కాం.
చీలిక బయటి గోడ వెంబడి
కొన్ని కణాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి.
ఇంతలో ఇటు, ఇంతలో అటు తోసే నీటిని
ఏ వైపని నమ్ముతాయి?
లెక్కపెట్టి పుస్తకంలో రాశాను:
దిక్కులేనివి, ముప్ఫై ఎనిమిది.
రాశాక ఆ మాట వైపే చూస్తూ ఉండిపోయాను.

"ఇవి పారేయనా?" అంది కాయిసా, చేతికి తొడుగు వేసుకుంటూ.
ఉండనీ అన్నాను.
కారణం అడిగితే ఏం చెప్పేదాన్నో.

ఆ పిల్లకివాళ ఐదో రోజు.
ఈ ఊళ్ళోనే ఏ మేడమీదో పాలు తాగుతూ ఉంటుంది.
గుటక పడినప్పుడల్లా కదిలే మెడలో,
గోరంత చీలిక దగ్గర,
చిన్న సుడి.