ఉంగరం వేలు

కమ్యూనిటీ పోస్టింగు పదో రోజు.
కాశీబుగ్గ కాంప్లెక్సులో బస్సు దిగి
తెల్లచీర నీలం అంచు బురదకి అంటకుండా ఎత్తిపట్టి
జీడి బట్టీల వెనక వీధిలోకి నడిచాం, పద్నాలుగు మందిమి.
గాలికి కమురు వాసన.
కాళ్ళ మధ్య తిరిగిన కుక్కకీ కమురు వాసనే.

ఆశా ఊర్మిళక్క నాకో గుమ్మం చూపించింది.
బమ్మిడి దమయంతి, నలభై రెండు, ముగ్గురు పిల్లలు.
"మాటలకి జడిసిపోకు, మంచిదే."

పుస్తకంలో ఉన్నట్టే చేశాను.
అరుగు మీద పాత పేపరు పరిచి
దాని మీద సంచి పెట్టి
సంచి తెరిచే ముందు చేతులు కడగాలి గనక
నీళ్ళు అడిగాను.
ఆవిడ ఇరవై లీటర్ల టిన్ను వంచి
ఒక గ్లాసు, అంచు వరకూ కాదు, కొలిచి పోసింది.
"నురగ పోయేలాగ కడుక్కో తల్లీ, రెండోది అడక్కు."
ఈ మెట్టుకి ప్రాక్టికల్స్‌లో రెండు మార్కులు.
నీళ్ళు కొన్నవాళ్ళకి ఎన్నో తెలీదు.

చెయ్యి చాపింది.
మధ్యవేలు స్పిరిటు దూదితో తుడిచాను. దూది నల్లబడింది.
ఇంకో దూది. అదీ.
"ఎంత రుద్దినా రాదు, పదారేళ్ళ నలుపది.
పిక్కలు కొట్టినోళ్ళ సెయ్యి పెళ్ళికీ ఇంతే, పాడెకీ ఇంతే."
వేలి కొస మీద గీతలు లేవు,
అరిగిన రూపాయి బిళ్ళలా నున్నగా ఉంది.
సూది గుచ్చాను. రక్తం రాలేదు.
ఇంకో సూది తీశాను.
"వొణుకుతున్నది నీ సెయ్యా, నా సెయ్యా?"
నాదే.

"ఉంగరం వేలు పట్టు. దానికి పని తక్కువ.
మద్దిన కాదే గుంటా, పక్కన పొడు.
పోయినేడు ఒచ్చిన పొడుగాటి పిల్లకీ నానే నేర్పినాను."

వచ్చింది.
కాగితం మీద ఒక్క బొట్టు, ముప్పై లెక్కపెట్టి
రంగుల పట్టీ పక్కన పెడితే
ఎనిమిదికి తక్కువ, ఆరుకి కాస్త ఎక్కువ.

నేను నోరు తెరిచాను. ఆవిడే అందుకుంది:
"మునగాకు, బెల్లం, తోటకూర, ఇనప మూకుడు.
బువ్వ తిన్న ఎంటనే టీ తాక్కూడదు.
మాత్ర నిమ్మరసంతోటి.
నులిపురుగుల బిళ్ళ మర్చిపోనావు."
మర్చిపోయాను.

మరి మాత్రలు వేసుకుంటున్నావా?
"ఏసుకుంటే కడుపులో తిప్పుతాది.
కడుపు తిప్పితే పలుకు ఇరుగుతాది.
పలుకు ఇరిగితే కూలి ఇరుగుతాది."
రాయాలో వద్దో తెలియక
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాను.

"నా వేలు సూసినావు, నా పని సూడు" అని
గోనె మీద కూచోబెట్టి, కర్ర చేతికిచ్చి
బూడిద రాసుకోమంది.
కాస్త చాలనుకున్నాను.
నా మొదటి పిక్క రెండు ముక్కలైంది.
దమయంతి ఒక ముక్క తను నమిలి
ఒకటి నా నోట్లో పెట్టింది.
"గుండైతే సేటుది. ఇరిగింది మనది. తిను."
వేడిగా ఉంది. తియ్యగా కూడా.
మొత్తం పదకొండు కొట్టాను, నాలుగు గుండు.

మూడో రోజుకి హాస్టల్లో
బొటనవేలు పొంగి, ఉల్లిపొరలా ఊడింది.
"గ్లవ్స్ ఏవి?" అని ట్యూటర్ మేడమ్ కేకలేసింది.
సోమవారం పొద్దున్న హాజరు మిషను
మళ్ళీ ప్రయత్నించండి అంది.
మళ్ళీ ప్రయత్నించాను.
వెనక వరసలో సెకండియర్లు గొణుగుతున్నారు,
ఇరవై ఏళ్ళుగా నేనే అనుకున్నదాన్ని
ఆ పెట్టె కాదంటోంది.

ఆఫీసులో క్లర్కు హైమావతి గారిని బతిమాలాను,
ఉంగరం వేలు ఎక్కించండి మేడమ్,
దానికి పని తక్కువ.
ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది.
అలవాటుగా వేలు ఒరగా ఆనించాను.

"పక్కన కాదమ్మా,
మధ్యలో పెట్టు."