రెండడుగుల నేల

ఈవ్స్‌డ్రిప్ అంటే
మొదట్లో వినడం కాదు.
చూరు నీళ్ళు.
గడ్డికప్పు మీంచి జారి
గోడ పక్కన వరసగా
చిన్న చిన్న గుంటలు తవ్వే చుక్కలు.

విల్ట్‌షైర్ దస్తావేజుల గదిలో
ఫిలిపా గార్‌స్టన్ చేతులు తుడుచుకుని వచ్చి
మళ్ళీ చుట్టుకుపోతున్న తోలుచుట్టని
బరువులు పెట్టి అదిమింది.
"ఇల్లు కట్టేవాడు హద్దుకి రెండడుగులు ఇవతలే ఆగాలి,
తన కప్పు మీది వాన
పక్కవాడి నేల మీద పడకూడదు" అంది.
ఈవ్స్‌లో చివరి స్ బహువచనం కాదనీ,
పాతకాలంలో ఆ మాట మొత్తానికీ అంచు అనే అర్థమనీ,
జనమే పొరబడి ఆ స్ కోసేశారనీ
కాస్త కోపంగానే చెప్పింది,
నిన్న జరిగినట్టు.

ఎవరిదీ కానట్టుండే ఆ తడి పట్టీలో
ఎవరో ఒకరు వచ్చి నిలబడ్డారు,
గోడకి చెవి ఆనించి.
నీళ్ళ పేరు వాళ్ళకి అంటుకుంది.

మనవైపు చూరు పట్టుకు వేలాడేవాళ్ళుంటారు.
అక్కడ చూరు కింద తడిసేవాళ్ళు.
ఏది ఎక్కువ నామోషీయో
నేనింకా తేల్చుకోలేదు.

చుట్టలో ఒకే ఒక్క పంక్తి:
హామో భార్య ఎమ్మోట్
రాత్రివేళ ఆవిస్ ఇంటి చూరు కింద నిలిచి వినెను.
మూడు పెన్నీలు జరిమానా.
లాటిన్‌లో, గొలుసుకట్టుగా.
గుమాస్తాకి భోజనం వేళ అయ్యుంటుంది.
ఏం విందో రాయలేదు.

దగ్గు విని ఉంటుంది.
ఆవిస్ చంటిదాని దగ్గు.
బాతు గొడవలో మాటలు పోయాయి ఇద్దరికీ,
తలుపు తట్టడానికి మొహం చెల్లదు.
దగ్గు ఆగినప్పుడల్లా
ఎమ్మోట్ ఊపిరి కూడా ఆగేది,
మళ్ళీ మొదలయ్యేదాకా.
వెన్ను మీద చుక్క, చుక్క.
ఎవరో లాంతరుతో వచ్చారు.
కోర్టులో ఏం విన్నావని అడిగితే
"వాన" అని ఉంటుంది.

"పిల్ల సంగతి ఇందులో లేదే"
అంది ఫిలిపా, కళ్ళద్దాలు పైకి తోసి.
బాతు సంగతీ లేదు.

లేదు నిజమే.
ఆ రెండడుగుల్లో
ఇప్పుడు నిలబడ్డది నేను.

ఫిలిపా బరువులు తీసింది.
చుట్ట తనంతట తానే ముడుచుకుంది.
బయట వాన మొదలైంది.
ఈ భవనానికి గొట్టాలున్నాయి,
ఒక్క చుక్క కూడా గోడ పక్కన పడదు.