కోలబంతి

అక్టోబరులో మొదటిసారి తెచ్చారు, గాలి పోయిన బంతి.
గుండ్రంగా లేదు. పనసపిందెలా కోలగా ఉంది.
"ఏటమ్మా ఇది, లారీ గానీ తొక్కీసిందా?" అన్నాను.
హాస్టలు గుంటలు నలుగురూ నవ్వీసారు.
అందర్లోకీ పొట్టిది, ఎలిసబా రైకా,
"పుట్టడమే అలా పుట్టింది మావా" అంది.

గుణుపురం స్టేషను రోడ్డులో ముప్పై ఏళ్ళుగా నాది పంచర్ల కొట్టు.
ట్యూబు నీళ్ళలో ముంచితే
చిల్లెక్కడుందో బుడగే చెప్తాది.
ఈ బంతి కడుపులో తిత్తి తొట్టెలో నిలవదు,
ఒక కొస ముంచితే రెండో కొస లేస్తాది,
వాలుగులా జారిపోతాది.
దొరికింది చివరికి. తుమ్మముల్లు.
సొల్యూషను రాసి, ఊది, అతికించి
ఎంత అడగాలో తెలీక పది అన్నాను.
ఐదిచ్చారు.

"రాత్రి తొమ్మిదికి ఫోన్లు లాగేసుకుంటారు మా మేట్రను.
నువ్వు చూసి చెప్పు మావా."
దేశదేశాల క్లబ్బులట, ఇరవై పైచిలుకు జట్లట.
ఫ్రాన్సులో సాయంత్రం ఆరున్నరైతే
మా వంశధార మీద పదకొండు.
షట్టరు సగం దించి, దుప్పటి కప్పుకుని
ఒక్క ముక్క అర్థం కాని ఆట చూసేవాణ్ణి.

బాకీల పుస్తకంలోనే రాశాను:
బక్కా సాహు, వెనక టైరు, ఇరవై బాకీ.
నీలం చొక్కాలు ఇరవైనాలుగు, తెల్లవి పంతొమ్మిది.
లొకొనాథం బండి, రెండు అతుకులు, ముట్టింది.
నీలం పదిహేడు, ఆకుపచ్చ ముప్పైయొకటి. వాన.

పొద్దున్నే బడికెళ్తూ కొట్టు ముందు ఆగేవారు.
"అందరూ ఒంగి ఎడ్లలా తలలు కలిపారమ్మా,
మధ్యలోకి బంతి తోసినవాడొక్కడే పొట్టోడు, వీపు మీద తొమ్మిది."
ఎలిసబా మొహం వెలిగేది. దానిదీ తొమ్మిదే.

ముందుకి పరిగెత్తాలట, బంతి మాత్రం వెనక్కే ఇవ్వాలట.
నౌపడ చిన్న రైల్లో మా అయ్య ఫైర్‌మేను.
వెనకనుంచి తీసి ముందుకే విసిరాడు బొగ్గంతా,
బతుకంతా.
ఈ ఆటలో అతనికి నిమిషానికో ఈల.

ఏప్రిల్లో ఆ దేశాలోళ్ళు గడియారం తిప్పుకున్నారు,
నాకు ఓ గంట నిద్ర కలిసొచ్చింది.
ఆ గంటా పట్టలేదు.
నీలం చొక్కాలు ఒక్క పాయింటుతో పోయాయి.
ఆఖరి నిమిషంలో తొమ్మిదోవాడి చేతిలోంచి బంతి
జానెడు ముందుకెళ్ళింది. జానెడే.
ఈల వేసినవాడి మీద
నాకు ఏ భాషలో తిట్టాలో తోచలేదు, మూడింట్లోనూ తిట్టాను.

పొద్దున్న "కరెంటు పోయింది, చూళ్ళేదు" అన్నాను.
అది పుస్తకం తిప్పింది. చదివింది.
రెండు వేళ్ళు నోట్లో పెట్టి
బజారంతా తిరిగి చూసేలా ఈలేసింది.
"ముందుకి విసిరావు మావా" అంది.
కళ్ళు మాత్రం తడి.

మే నెల, హాస్టలు ఖాళీ.
ఎలిసబా కొండెక్కింది, వాళ్ళ తోటలో జీడిపిక్కలు ఏరడానికి.
ఫైనలు ఒక్కణ్ణే చూశాను, ఉక్కపోతలో, విసనకర్రతో.
వాళ్ళ బంతి నా అలమరా మీద.
ఆదివారం ఆదివారం రెండు పోట్లు గాలి కొట్టాను,
ఎందుకని అడిగినవాడు లేడు.

జూన్లో తొలివానకి వచ్చింది, భుజాన జీడిపిక్కల సంచి.
"ఫైనలు?"
పుస్తకం తీశాను. కప్పు కారి పేజీ నానిపోయింది.
ఒక పక్క ఇరవైయెనిమిది కనపడతంది,
రెండో అంకె సిరా చారై, సాహు బాకీలో కలిసిపోయింది.
"ఎవరు గెలిచార్రా దేవుడా" అని నేనే గోక్కున్నాను తల.

అది బంతి తీసుకుంది. రోడ్డు మీద ఒక్కసారి కొట్టింది.
నా వైపు రాదు, దాని వైపు పోదు.
ఇద్దరం చెరో పక్కకీ పరిగెత్తాం.
బంతి ఎదురుగా ఉప్పు బస్తాల మీద పడి
మళ్ళీ ఎగిరింది.