పచ్చ వైరు

మొదలు బండిదే తప్పనుకున్న.
రెండు కడుపుల బండి అది.
ఒకదాంట్లె పెట్రోలు, ఒకదాంట్లె కరెంటు.
హైదరాబాదుల ఎవరో మూడేండ్లు నడిపి అమ్మితె
నుజత్ మేడం కొన్నది.
నయీంనగర్ అపార్టుమెంటు సెల్లారుల
పద్నాలుగో నంబరు గీతల మధ్య పెట్టింది.

"ఓదెలన్నా, చార్జింగు ఎక్కుతలేదు" అని ఫోను.
నేను పొయ్యేసరికి
ఇటుకంత డబ్బ, దాని మీద ఎర్ర లైటు
కన్ను కొట్టుకుంట ఉన్నది.
పదహారు ఆంపుల సాకెటు మొన్న నేనే పెట్టిన.
నా పని మీద నాకే అనుమానమొచ్చింది.

అంతకు ముందురోజు కాజీపేట తొవ్వల బంకు కాడికి పోయిందట.
బీరువంత మిషిను, తొండమంత పైపు,
అరగంటల నింపుతదట వేరే బండ్లను.
దీని మూతికి అది పట్టలే.
"మీది ఇంటి తిండేనమ్మా" అన్నడట ఆడి పోరడు.
ఎనకున్నాయన హారను కొడితే
పక్కకు జరిగి, పెట్రోలు పోయించుకొని వచ్చింది.

ఇంటి తిండంటే
రాత్రి అయిదు గంటలు, సన్నగ,
చెలిమె నీళ్లు ముంతతోని తోడినట్టు.
ఆ అయిదు గంటలకు నలభై కిలోమీటర్లు.
ములుగు దవాఖానకు పొయ్యేటప్పుడు
ఆత్మకూరు దాటుతది, కటాక్షపురం దాటుతది,
మల్లంపల్లి రాకముందే
సప్పుడు లేని బండి గొంతు సవరించుకుంటది.
ఇంజను లేస్తది.

టెస్టరు పెట్టిన. ఫేజు ఉన్నది.
ఫేజుకు, మూడో తొర్రకు బల్బు పెడితె
చీకటి.
పచ్చ వైరు పట్టుకొని మీటర్ల కాడికి పోయిన.
బిల్డరు మనిషి దాన్ని ముడేసి, గోడల కుక్కి
మీద సిమెంటు మెత్తిండు.

అయిదంతస్తులు, ఇరువై కాపురాలు, తొమ్మిదేండ్లు.
భూమిని అంటకుంటనే నిలబడ్డ ఇల్లు.
ఫ్రిజ్జులు అడగలే. గీజర్లు అడగలే.
బట్టల మిషిను సురుక్కుమంటే
చెప్పులేసుకొని ముట్టుకున్నరు.
ఈ బండే అడిగింది,
నా కాళ్ల కింద మన్నేది, అని.
చూపెట్టేదాక ముద్ద ముట్టనన్నది.

టైల్సు పగులగొట్టొద్దన్నడు సెక్రటరీ సారు.
ఖర్చు నాదే అన్నది మేడం.
అయితె కానియ్యమన్నడు.

జెనరేటరు షెడ్డు ఎనక గడ్డపారతోని దిగిన.
మోకాలి లోతుదాక మొరం,
రొమ్ము లోతుల నల్లగ, తడిగ, మన్ను.
రాగి పలక దించిన.
ఒక వరుస బొగ్గు, ఒక వరుస దొడ్డుప్పు,
మళ్ల బొగ్గు.
గుంతల ఉప్పు పోసుడు నాకు కొత్త గాదు.
ఒక్క గుంతల పోసింది మాత్రం
కరెంటు పని గాదు.

పరకాల అవతల, వరి మడి.
రాత్రి రెండింటికి త్రీఫేజు వచ్చిందని
మా చిన్నాయిన అయిలయ్య
వట్టికాళ్లతోని ఉరికి స్టార్టరు డబ్బ పట్టుకున్నడు.
ఇనుప డబ్బ, కట్టెకు తీగతో కట్టింది.
దానికి ఎర్ర లైటు లేదు.
అది ఏమీ అడగలే.

దీపాలు పెట్టే యాళ్లకు
ఇటుక మీద లైటు ఆకుపచ్చగైంది.
"ఇంకింత జల్ది ఎక్కదా ఓదెలన్నా?"
ఎక్కదమ్మా. గోడ ఎంతిచ్చినా
దీని గొంతు సన్నది.
ఎండకాలం వారానికో బకెట్టు నీళ్లు పొయ్యిండ్రి గుంతల,
ఎండితే మళ్ల అలుగుతది.

మిగిలిన ఉప్పు సంచి, అర బస్తా బొగ్గు
తీసుకపొమ్మన్నడు వాచ్‌మన్ రాజనర్సు.
స్కూటీ మీద ముందట పెట్టుకున్న.
మా ఇల్లు హంటర్ రోడ్డు దిక్కు.

ఇరువై రెండేండ్లాయె నేను ఈ పని పట్టి.
పదకొండేండ్లాయె చిన్నాయిన పొయ్యి.
ఎంతమంది ఇండ్లకు గుంతలు తవ్విన్నో లెక్క లేదు.
ఆ డబ్బ ఇంక ఆ కట్టెకే ఉన్నది.
మా తమ్ముడు దాన్నే ముట్టుకుంటడు, పొద్దుమాపు.

స్కూటీ పరకాల దిక్కు మలిపిన.
రాగి పలక ఇంకోటి కొనాలె.
ఎనిమిదింటికి షాపులు మూస్తరు.